తొమ్మిది సెకన్ల గ్రహణం

దోనెగుట్ట బడి గేటు ముందున్న వీధి దీపానికి పగలూ రాత్రీ తేడా తెలియదు. పొద్దున పిల్లలు ప్రార్థన చేసేటప్పుడు వెలుగుతుంది, మధ్యాహ్నం ఎర్రటి ఎండలో అన్నాలు తినేటప్పుడూ వెలుగుతుంది, ఇక చీకటి పడ్డాక చెప్పనే అక్కర్లేదు. ఎనిమిదేళ్ళుగా ఆ బడిలో భౌతికశాస్త్రం చెబుతున్న మల్లీశ్వరి దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. పోయిన పదకొండు రోజులుగా మాత్రం అది ఆమె కంట్లో నలుసై కూర్చుంది.

ఆమె కోరింది గొప్ప కోరికేమీ కాదు. శనివారం సాయంత్రం ఒక్క గంట ఆ దీపమూ, దాని వెనక ఊళ్ళో వరసగా ఉన్న మిగతా దీపాలూ ఆరిపోవాలి. అంతే. ఆ సంగతి ఎవరికి చెప్పినా ఆమెను ఎగాదిగా చూశారు.

నెప్ట్యూన్‌కు అవతల, ఎండ కూడా చేరీ చేరనట్టుండే చోట ఒక మంచురాయి తిరుగుతోంది. దానికి పేరు లేదు, నంబరే ఉంది. ఎంత పెద్ద దుర్భిణి పెట్టి చూసినా చిన్న చుక్కలాగే ఉంటుంది కాబట్టి దాని వెడల్పెంతో, ఆకారమేమిటో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే దారి. అది ఏదో ఒక నక్షత్రానికి అడ్డంగా పోవాలి, ఆ నక్షత్రం కాసేపు మాయం కావాలి, ఏ ఊళ్ళో ఎన్ని సెకన్లు మాయమైందో కొందరు కూర్చుని కొలవాలి. శనివారం సాయంత్రం ఏడూ నలభై రెండుకు అది జరగబోతోంది, దాని నీడ తెలంగాణ మీదుగా పోబోతోంది. హైదరాబాదులో కాలేజీలో పాఠాలు చెప్పే రిజ్వానా ఆదిలాబాదు నుంచి మక్తల్ దాకా తొమ్మిది చోట్ల దుర్భిణులు పెట్టించింది. అన్నిటికంటే దక్షిణాన, మక్తల్ పక్కన ఈ దోనెగుట్టలో ఉన్నది మల్లీశ్వరిది.

"మీ కింద ఎవ్వరూ లేరు మేడం," అని రిజ్వానా ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పింది. "పైన ఎనిమిది మంది ఎంత బాగ చేసినా, మీ లెక్క రాకపోతే ఆ రాయికి కింది అంచు ఎక్కడుందో తెల్వదు. మీ దగ్గర తొమ్మిది సెకన్లు ఆరొచ్చు, అసలు ఆరకపోవచ్చు. రెండిట్ల ఏదైనా మాకు పనికొస్తది. చుక్క కనపడుతుంటే చాలు."

చుక్క కనపడుతుంటే చాలు! ఆ ఒక్క మాట కోసం మల్లీశ్వరి మూడు నెలలు ఆదివారాలు మానుకుంది. దుర్భిణికి కెమెరా బిగించడం, ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం, క్షణం తప్పకుండా టైము పట్టడం, అన్నీ నేర్చుకుంది. నలభై నాలుగేళ్ళ వయసులో, పుస్తకంలో ఉన్నది చెప్పడమే తప్ప పుస్తకంలోకి ఎక్కేది ఒక్కటైనా చేయని బతుకులో, ఇదొక్కటి తన చేతి మీదుగా జరగాలని ఆమెకు చచ్చేంత ఆశ పుట్టింది.

అన్నీ కుదిరాయి, దీపమొక్కటే కుదరలేదు.

"స్విచ్చు లేదు మేడం," అన్నాడు లైన్‌మన్ కమలాకర్, స్తంభం వైపు తలెత్తి కూడా చూడకుండా. "పెడితే పోరగాళ్లు ఇరగ్గొడ్తరని పెట్టలే."

"మరి ఎట్ల ఆపుతరు?"

"ఆపం."

మల్లీశ్వరి ఊపిరి బిగబట్టి పది దాకా లెక్కపెట్టుకుంది. కమలాకర్‌కు జాలేసినట్టుంది. "ఒక్కటి ఆపాలంటే పోలెక్కాలె. అన్ని ఆపాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కాడ బంద్ చెయ్యాలె. గట్ల జేస్తే ఇండ్లల్ల గూడ కరెంటు పోతది. సర్పంచ్ సరేనంటే నాకేం ఫికర్ లేదు," అన్నాడు.

కరెంటాఫీసులో అడిగితే వీధి దీపాలు పంచాయతీవి అన్నారు. పంచాయతీలో అడిగితే తీగలు కరెంటాఫీసువి అన్నారు. దీపం ఎవరిదో తేలేలోగా దాని ఆయుష్షే తీరిపోయేట్టుందని మల్లీశ్వరికి అర్థమైంది. చివరికి గురువారం సాయంత్రం సర్పంచ్ పరమేష్ పంచాయతీ ముందర పదిహేను ఇరవై మందిని కూర్చోబెట్టాడు. గెలిచి ఇంకా ఆరు వారాలు కాలేదు, వేసుకున్న తెల్లచొక్కాకు మడత నలగలేదు. మేడం అడిగితే కాదనలేడు, ఊరు అడిగితే అసలే కాదనలేడు.

మల్లీశ్వరి ఓపిగ్గా అంతా చెప్పింది. సుద్దముక్కతో గోడ మీద బొమ్మ కూడా గీసింది. అంతా విన్నాక ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"గా చుక్క ఎంతసేపు కనపడదు మేడం?"

"తొమ్మిది సెకన్లు."

"ఇప్పుడైతే మాకు కనపడుతదా?"

"ఉత్త కండ్లకు కనపడదు. దుర్భిణిలనే."

"అంటే, కనపడని చుక్క తొమ్మిది సెకన్లు కనపడకుంట పోతది," అన్నాడాయన. ఎగతాళిగా అనలేదు, తనకు అర్థమైందో లేదో సరిచూసుకున్నాడు. అందుకే మల్లీశ్వరికి ఇంకా ఒళ్ళు మండింది.

మేకల జానమ్మ ముందుకు జరిగింది. "ఏడున్నరకు సీరియలున్నది బిడ్డా. ఇయ్యాలో రేపో గా అత్త దొంగతనం బయటపడ్తది. జెర తొమ్మిదింటికి జరుపుమనరాదు, మీ హైదరాబాద్ మేడంను?"

"అది ఆమె చేతుల లేదవ్వా!"

"మరి ఎవరి చేతుల ఉన్నది? కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టు."

గోడకేసి తల కొట్టుకుందామంటే గోడ మీద తను గీసిన బొమ్మ ఉంది. మీటింగు టీలతో ముగిసింది. అందరూ లేచాక పరమేష్ దగ్గరికొచ్చి, "మీరు పరేషాన్ గాకండ్రి మేడం, నేను జూసుకుంట," అన్నాడు. అతను ఏం చూసుకుంటాడో అప్పుడే అడగవలసింది. అడిగే ఓపిక లేక ఊరుకుంది.

శుక్రవారం బడి వదిలాక ఆమె మక్తల్ బస్సు కోసం నిలబడి ఉంటే పంచాయతీ చెత్త ట్రాక్టర్ వచ్చింది. దాని మైకులో పరమేష్ గొంతు.

"ఊరి ప్రజలకు తెలియజేయునది ఏమనగా, రేపు శనివారం నక్షత్ర గ్రహణం. సాయంత్రం ఏడు గంటలకు పట్టి ఎనిమిదింటికి ఇడుస్తది. గా టైముల ఎవ్వరు దీపం పెట్టొద్దు. తినొద్దు, తాగొద్దు. కడుపుతోని ఉన్నోళ్లు బయటికి రావద్దు, కదలొద్దు. ఇట్లు మీ సర్పంచ్."

మల్లీశ్వరికి ఆరేళ్ళ కిందటి డిసెంబరు కళ్ళ ముందుకొచ్చింది. పొద్దున సూర్యగ్రహణం పడితే తల్లిదండ్రులంతా గేటు బయట నిలబడి అరుస్తుంటే, ఆమె పిల్లలను మైదానంలోకి తీసుకొచ్చి, గ్రహణం నడుస్తుండగానే బిస్కెట్ ప్యాకెట్లు విప్పింది. ఏమీ కాదు, అది ఉత్త నీడ, తినండి అంది. పిల్లలు గేటు వైపు చూస్తూ నిలబడ్డారు. తొమ్మిదో తరగతి సుస్మిత ఒక్కతే చేయి చాపి, బిస్కెట్ నోట్లో వేసుకుని, అందరికీ కనపడేట్టు కరకరా నమిలింది. తర్వాత మిగతావాళ్ళూ చేతులు చాపారు. ఆ సుస్మితే ఇప్పుడు మేకల జానమ్మ కోడలు. తన ఉద్యోగంలో చెప్పుకోదగ్గది ఏదైనా ఉందంటే అది ఆనాటి పొద్దు అని మల్లీశ్వరి ఇప్పటికీ అనుకుంటుంది.

వెంటనే ఫోన్ చేసింది. "ఏంది పరమేష్ గిది?"

"ఒకటి ఇంకోదానికి అడ్డమొస్తదని మీరే చెప్పిన్రు గద మేడం. నేను కొత్తగ ఏం జెప్పిన?"

"కడుపుతోని ఉన్నోళ్ల సంగతి నేను చెప్పిన్నా?"

"అది లేకుంటే గ్రహణమని ఎవరు నమ్ముతరు?" అన్నాడు పరమేష్ తాపీగా. "రేపు ఊరంత చీకటి జేసిస్త. వద్దంటే చెప్పండ్రి, ఇప్పుడే బండి మర్లిచ్చి కాదని చెప్పిస్త. కరెంటు ఉంటది, సీరియల్ జూసుకుంటరు. మీ ఇష్టం."

అతను ఫోన్ పట్టుకుని జవాబు కోసం ఆగాడు. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి అతనే పెట్టేశాడు.

అంతలో మేకలను తోలుకుంటూ జానమ్మ అటే వచ్చింది. "నిజమేనా మేడం? రేపు చంద్రుడే ఉండడాయె, ఎల్లుండి అమాస. చుక్కలకు గూడ గ్రహణం పడ్తదా? మా అత్త కాలంల గూడ ఇనలే."

కాదవ్వా అంటే అయిపోయేది. మల్లీశ్వరికి ఆ దీపం గుర్తొచ్చింది. మూడు నెలల ఆదివారాలు గుర్తొచ్చాయి. "ఒక లెక్కన గ్రహణమే," అంది.

"ఒక లెక్కన అంటే?"

"గ్రహణమే అవ్వా."

బస్సొచ్చింది. సోమవారం క్లాసులో అసలు సంగతి చెప్పేస్తానని దారి పొడుగునా తనకు తాను సర్దిచెప్పుకుంది.

శనివారం ఏడుకు కమలాకర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బంద్ చేశాడు. గేటు ముందరి దీపం ఆరిపోయింది. దాని వెనక ఊరంతా ఆరిపోయింది. బడి మైదానంలో కబడ్డీ గీతల మధ్య దుర్భిణి పెట్టుకుని కూర్చున్న మల్లీశ్వరి తలెత్తి చూసి, అట్లాగే ఉండిపోయింది. తను పాఠం చెప్పే ఊరి మీద ఇన్ని చుక్కలున్నాయని ఆమెకు తెలియదు. ఎక్కడా టీవీ మోత లేదు. గ్రహణమైతేనేం, గాడిద గుడ్డయితేనేం, చీకటి దొరికింది అనుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు సంతోషంగా ఉంది.

ఆమెకు కావలసిన చుక్క తూర్పున, ఊరి ఇళ్ళ మీదుగా ఉంది. ఎర్ర కాగితం అంటించిన ల్యాప్‌టాప్ తెర మీద అదీ, దాని చుట్టూ మరో అయిదు చుక్కలూ కుదురుగా నిలిచాయి. ఏడూ పదిహేనుకు రిజ్వానా అందరికీ మెసేజ్ పెట్టింది. మక్తల్ ఎట్లుంది అని అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది," అని రాసింది.

ఏడూ ఇరవై ఆరుకు కింది వైపు చుక్క ఒకటి మసకబారింది. మంచు పట్టిందేమోనని అద్దం చూసింది. అద్దం పొడిగానే ఉంది. ఇంకో చుక్క మసకబారింది. అప్పుడు ముక్కుకు తగిలింది, పత్తికట్టె పొగ.

లేచి నిలబడి గోడ మీదుగా చూసింది. ఊళ్ళో ఇంటింటి వాకిట్లో ఎర్రగా మంట వెలుగుతోంది.

విడుపు స్నానం! గ్రహణం విడవగానే ఇంటిల్లిపాదీ తలకు పోసుకోవాలి. జనవరి చలిలో చన్నీళ్ళు ఎవరు పోసుకుంటారు? వంటకు గ్యాసున్నా స్నానాల నీళ్ళు మాత్రం కట్టెల పొయ్యి మీదే కాగాలి. దీపం పెట్టొద్దన్నారు గానీ పొయ్యి పెట్టొద్దని ఎవరూ అనలేదు. పైగా టీవీ లేదు, వంట లేదు, వేరే పని లేదు. అందుకని ఆడవాళ్ళంతా అరగంట ముందే కాగులెక్కించారు. గాలి ఆకు కదలనంతగా ఆగిపోయి ఉంది. పొగ పైకి పోకుండా ఇళ్ళ మీద దుప్పటిలా పరుచుకుంటోంది. మల్లీశ్వరి తల్లి కూడా బతికున్నన్నాళ్ళూ ఇదే చేసింది. అయినా ఆమెకు ఇది తట్టలేదు. గ్రహణమంటే ఏమీ లేదని చెప్పీ చెప్పీ, గ్రహణం నాడు జనం ఏం చేస్తారో మరిచిపోయింది.

పరమేష్‌కు ఫోన్ చేసింది. "పొయ్యిలు ఆర్పించండ్రి! పొగ కమ్ముకుంటాంది!"

"ఇడుపు స్నానాలకు మేడం. మధ్యల ఆపమంటే—"

"ఆర్పించు పరమేష్!" అని ఆమె అరిచిన అరుపుకు బడి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

అప్పుడు ఏడూ ముప్ఫై మూడు. పరమేష్‌ను ఒక మాట అనడానికి లేదు. మోటార్ సైకిల్ మీద వాడవాడా తిరిగాడు, మేడం పొయ్యిలు ఆర్పమంటున్నదని గొంతు చించుకున్నాడు. ఊరు కూడా ఒక్క మాటకు లేచింది. మొన్న కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టమన్న ఊరు, గ్రహణం పుణ్యమా అని, ఎందుకని కూడా అడక్కుండా మేడం మాట విన్నది. కాగులో ఉన్న నీళ్ళనే చెంబులతో ముంచి, భగభగ మండుతున్న పత్తికట్టె మీద కుమ్మరించింది.

చుయ్‌మన్న చప్పుడు బడి దాకా వినిపించింది. అంతకు ముందు పలచగా ఉన్న పొగ ఇప్పుడు తెల్లగా, చిక్కగా, ఇంటింటి నుంచీ లేచింది. మల్లీశ్వరి నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుంది.

ఏడూ ముప్ఫై తొమ్మిదికి తెర మీద ఆఖరి చుక్క పోయింది. మూలన టైము మాత్రం పరుగెత్తుతూనే ఉంది. నలభై ఒకటి. నలభై రెండు. బూడిద రంగు తెర వైపు ఆమె రెప్ప వేయకుండా చూసింది. ఆ పొగ వెనక ఆ రాయి చుక్కకు అడ్డం వచ్చిందో, రాకుండానే పోయిందో. తొమ్మిది సెకన్లు పోయాయి, తర్వాత ఇంకో తొమ్మిది పోయాయి. ఏడూ నలభై తొమ్మిదికి పొగ విడిపోయింది. ఆరు చుక్కలూ ఎక్కడివక్కడే మెరుస్తూ కనిపించాయి. ఆమెకు వాటిని తిట్టాలనిపించింది.

నల్లగొండలో ఫైసల్ అనే అతను ఎనిమిది సెకన్ల చిల్లర ఆరిందని మెసేజ్ పెట్టాడు. అందరూ అతన్ని మెచ్చుకుంటున్నారు. మధ్యలో రిజ్వానా అడిగింది, మక్తల్? మల్లీశ్వరి "పొగ" అని రాసింది. ఫోన్ మోగింది.

"చేన్లు కాలబెట్టిన్రా మేడం?"

"కాదు. స్నానాలకు నీళ్లు కాగబెట్టిన్రు."

"ఇప్పుడా? ఊరంతనా? ఎందుకు?"

"రేపు చెప్త మేడం."

మళ్ళీ ఎప్పుడని మల్లీశ్వరే అడిగింది. ఇంత మంచి చుక్క మీదుగా అంటే పదమూడేళ్ళకు, అప్పుడు నీడ ఎటు పోతుందో తెలియదు అంది రిజ్వానా. పదమూడేళ్ళకు మల్లీశ్వరికి యాభై ఏడొస్తాయి.

పరమేష్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "కనపడిందా మేడం?"

"ఏం కనపడ్తది! పొగల ఏం కనపడ్తది! నీళ్లు పోసి ఆర్పుమని ఎవరు చెప్పిన్రు?"

"మరి ఎట్ల ఆర్పుతరు మేడం?" పరమేష్ ముఖం చిన్నబోయింది. "చీకటి అడిగిన్రు, చీకటి ఇచ్చిన. పొగ వద్దని ముందుగాల్నే చెప్తే, స్నానం లేదని గూడ మైకుల చెప్పిస్తుంటి."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఆమెకు అతని మీద పట్టరాని కోపం వచ్చింది. లైట్లు వేయించుకోమని చేయి విసిరింది. కాసేపటికి గేటు ముందరి దీపం ఎప్పటిలాగే భగ్గున వెలిగింది. ఆ వెలుతురులో తీగలు చుట్టుకుంటుంటే జానమ్మ గేటు తోసుకుని వచ్చింది. వెనకే నడుం మీద చేయి పెట్టుకుని, మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ సుస్మిత.

"ఇడిచిందా మేడం?" అంది జానమ్మ. "పంచాంగంల లేకపాయె, నిన్నే అడగాలె. నీ నోట ఇంటెనే తింటనంటది నా కోడలు. పొద్దుగాల తొమ్మిదింటికి తిన్నది, మల్ల మంచినీళ్లు గూడ ముట్టలే. ఏడో నెల దీనికి. చుక్కకు గ్రహణమేందే, నేనెన్నడినలే, రెండు ముద్దలు తినవే అని బతిమాలిన. ఇనదు. అయిదింటి సంది చాప మీద కట్టెలెక్క పండుకున్నది. అటు మర్లలే, ఇటు మర్లలే."

మల్లీశ్వరి చేతిలో తీగ జారిపోయింది. సుస్మిత పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నీకేమైందే? అందరికంటే ముందు బిస్కెట్ తిన్నదానివి గదనే!"

"గప్పుడు మీరు ఏం గాదన్నరు మేడం, తిన్న," అంది సుస్మిత. "నిన్న మీరే గ్రహణమన్నరని మా అత్త చెప్పింది. గిట్లాంటివి ఎన్నడు నమ్మని మేడమే అన్నదంటే, గిది నిజంగనే ఏదో ఉంటదనుకున్న."

మల్లీశ్వరికి ఇన్నాళ్ళూ కోప్పడడానికి ఎవరో ఒకరు దొరికారు. ఇప్పుడు చుట్టూ చూస్తే ఎవరూ లేరు.

"గ్రహణం లేదు, ఏం లేదు. దీపాలు ఆర్పియ్యనీకి అబద్ధం ఆడిన," అంది.

జానమ్మ నోరు తెరిచింది. "దీపాలకేనా? గదేదో మాకు చెప్తే ఆర్పకపోదుమా?"

"మొన్న చెప్పిన గదవ్వా! గోడ మీద బొమ్మ గూడ గీసిన!"

"ఆఁ, గీసినవు," అని ఒప్పుకుంది జానమ్మ. "ఉత్తగ సీరియల్ పాయె."

సుస్మిత నవ్వలేదు. మల్లీశ్వరి గబగబా టిఫిన్ డబ్బా తీసింది. రాత్రికని తెచ్చుకున్న జొన్నరొట్టె అందులో ఉంది. ఒక ముక్క తుంచి ముందు తన నోట్లో పెట్టుకుని, మిగతాది చాపింది. సుస్మిత అందుకుంది. అందుకుని దాని వైపే చూస్తూ నిలబడింది.

"మేడం, మరి గప్పుడు బడిల చెప్పింది?"

"ఏది?"

"తింటే ఏం గాదని. అదన్న నిజమేనా?"

"నిజం తల్లీ. అది ముమ్మాటికీ నిజం."

సుస్మిత సరేనన్నట్టు తల ఊపింది. రొట్టెను కొంగులో చుట్టుకుని, "ఇంటికాడ తింట మేడం," అని అత్త వెనక నడిచింది. మల్లీశ్వరి నోట్లో ముక్క నమలకుండా అట్లాగే ఉంది.